తాళంచెవి ఇచ్చే ముందు

మా ఇంట్లో బీరువా మీద ఒక పగిలిన హెల్మెట్టు ఉన్నది. దేవుడి పటాల పక్కన లేదన్న మాటే గాని, మా శ్రీమతి దానికి చేసే మర్యాద ఇంచుమించు అంతే. వారానికొకసారి దుమ్ము తుడుస్తుంది. ఇంటికి వచ్చినవాళ్ళు "ఇదేమిటండీ, పాతసామానువాడికి వెయ్యకుండా దాచుకున్నారు?" అని అడిగితే, "అది మా వారి తలకు బదులు పగిలిందండీ" అంటుంది. ఇక ఆ వచ్చినవారు కాఫీ చల్లారిపోయేంత కథ వినక తప్పదు.

ఆ కథ ఇప్పుడు పాఠకులకు కూడా చెప్పవలసి రావడానికి కారణం, మా అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు నిండటం. లైసెన్సు చేతికి వచ్చిన మర్నాడే వాడు పొద్దున్నే లేచి, కాఫీ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు నాకు కాఫీ తెచ్చివ్వడం అదే మొదలు. నేను ఒక గుక్క తాగేదాకా ఓపికపట్టి, "నాన్నగారూ, బండి తాళంచెవి ఇస్తారా?" అన్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. మోటారు సైకిలు శాస్త్రం నా పాఠ్యాంశం కాదు. కాని ఇరవై ఏళ్ళుగా రాజమండ్రి వీధుల్లో రోజూ బండి నడుపుతున్నాను. ఒకసారి పడ్డాను కూడా. ఈ విషయంలో మాత్రం పండితుడి మాటకన్నా పడినవాడి మాటకే విలువ ఎక్కువని నా నమ్మకం. తాళంచెవి ఇచ్చే ముందు మావాడికి ఏం చెప్పానో, వాడితో తిరిగి నేనేం తెలుసుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పద్దెనిమిదేళ్ళ పిల్లలున్న వారికి పనికిరావచ్చు.

నేను పడిన రోజు

2017వ సంవత్సరం జూలైలో ఒక ఉదయం. మొదటి గంటలోనే నాకు క్లాసు ఉన్నది. మా ఇంటికీ కాలేజీకీ ఆరు కిలోమీటర్లు. పేపరు వదలలేక పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరాను.

ఆ రోజుల్లో నా హెల్మెట్టు ఉండే చోటు తల కాదు, బండి అద్దం. పోలీసువారు కనపడితే తల మీదికి వచ్చేది, వారు దాటిపోగానే మళ్ళీ అద్దానికి ఎక్కేది. ఆవేళ సన్నగా తుంపర మొదలైంది. కళ్ళజోడు తడిసి దారి మసకబారుతూంటే, విసుక్కుంటూ హెల్మెట్టు పెట్టుకున్నాను. గాలికి ఊగకుండా పట్టీ కూడా బిగించాను. తల కోసం కాదు సుమా, కళ్ళజోడు కోసం!

కోటిపల్లి బస్టాండు దగ్గర నా ముందు ఒక ఆటో పోతున్నది. రోడ్డు పక్క గంప దించుకుని నిలబడ్డ ఒక ఆవిడ చెయ్యెత్తింది. ఆటో ఉన్నచోటనే ఆగిపోయింది. దానికీ నాకూ మధ్య మహా ఉంటే రెండు బారల దూరం. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కేశాను. తడి రోడ్డు మీద ముందు చక్రం జారి, బండి నన్ను వదిలిపెట్టి తన దారిన తాను పోయింది. నేను ఎడమవైపు పడ్డాను. తల కాలిబాట అంచు రాయికి తగిలింది. కొబ్బరికాయ కొట్టినప్పుడు వచ్చే చప్పుడు వినపడింది. నా తల లోపలినుంచే ఆ చప్పుడు వినడం అంత సుఖంగా ఉండదు.

జనం మూగారు. "ముట్టుకోకండి, పోలీసు కేసవుతుంది" అని ఎవరో అంటున్నారు. అరటిపళ్ళు అమ్ముకునే ఒకావిడ మాత్రం ఆ మాట లెక్కచెయ్యక, నా పక్కన కూర్చుని, "కదలకండి బాబూ, మెడ తిప్పకండి" అంటూ 108 వచ్చేదాకా గొడుగు పట్టింది. ఆమె పేరు నాకు ఈనాటికీ తెలియదు. ఆ మూగినవారి భయం గురించి ఒక్క మాట. రోడ్డు మీద పడినవాడికి సాయం చేసిన మనిషిని వేధించకూడదని సుప్రీం కోర్టు 2016లోనే స్పష్టంగా చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఆ రక్షణ చట్టంలోకే వచ్చింది. సాయం చేసినవారు తమ పేరూ ఊరూ చెప్పితీరాలన్న నిర్బంధం కూడా లేదు. ఈ సంగతి అందరికీ తెలిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

నాకు జత్రుక, అంటే మెడకింద ఎముక విరిగింది. ఆరు వారాలు ఎడమచెయ్యి జోలెలో వేసుకు తిరిగాను. ఆ ఆరు వారాలూ ఆటో అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఒకరోజు మా శ్రీమతి అన్నం కలిపి పెడుతూ అడిగింది: "ఏమండీ, ఆ గంప ఆవిడ చెయ్యెత్తడం మీకు కనపడిందా?"

"కనపడింది."

"ఆటో ఆగుతుందని తెలియదా?"

నా దగ్గర జవాబు లేదు. చెయ్యెత్తిన మనిషి కనపడితే ఆగడం ఆటో అతని బతుకుతెరువు. ఆ చెయ్యి అతనికెంత స్పష్టంగా కనపడిందో నాకూ అంతే కనపడింది. అతను దానికి అర్థం చెప్పుకున్నాడు, నేను చెప్పుకోలేదు. క్లాసులో వాచ్యార్థం వేరు, ధ్వని వేరు అని గొంతు చించుకునే నేను, రోడ్డు మీద మాత్రం వాచ్యార్థం దగ్గరే ఆగిపోయాను!

రోడ్డును చదవడం

మావాడికి నేను చెప్పిన మొదటి పాఠం ఇదే. బండి నడపడం చేతుల పని, కాళ్ళ పని అనుకుంటాం. అందులో సగానికి పైగా చదవడమే. ముందు పోయే ప్రతి వాహనమూ తాను ఏం చెయ్యబోతున్నదో ముందుగానే చెపుతుంది. చదివే తీరిక మనకు ఉండాలి, అంతే.

స్టాపులో ఆర్టీసీ బస్సు ఆగి ఉన్నదంటే దాని ముందునుంచి ఎవరో ఒకరు పరుగున రోడ్డు దాటబోతున్నారని అర్థం. వారికి మనం కనపడం, మనకు వారు కనపడరు. రోడ్డు వారగా నిలిపిన కారులో మనిషి తల కదిలిందంటే, ఆ తలుపు ఇప్పుడో ఇంకో క్షణానికో తెరుచుకుంటుంది. ఆ కారుకు ఒక తలుపు వెడల్పు దూరంగా పోవాలి. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనపడలేదంటే, మనం ఈ లోకంలో ఉన్నట్టే ఆయనకు తెలియదు. అక్కడ ఉండకూడదు. వెనక్కి తగ్గాలి, లేదా వీలు చూసుకుని కుడివైపునుంచి పూర్తిగా దాటిపోవాలి. తిరగబోయే లారీకి ఎడమ పక్క దూరడమంత పొరపాటు మరొకటి లేదు.

ఒక గేదె రోడ్డు దాటిందంటే దాని వెనక ఇంకో గేదె ఉంటుంది. తల్లి దాటితే దూడ తప్పకుండా దాటుతుంది. బంతి రోడ్డు మీదికి దొర్లివస్తే దాని వెనకే ఒక కుర్రాడు వస్తాడు. పక్కసందులోంచి వచ్చే బండివాడి ముఖం చూసి మోసపోకూడదు. మనవైపే చూస్తూ కూడా మనల్ని చూడనివాళ్ళు ఉంటారు. అతని ముందు చక్రం చూడాలి. చక్రం అబద్ధం చెప్పదు.

వానాకాలంలో రోడ్డుకు మరో భాష వస్తుంది. ఎండాకాలమంతా పేరుకున్న నూనె, దుమ్ము తొలి వాన చినుకులకు పైకి తేలి నేలంతా జిడ్డు చేస్తాయి. గంటసేపు గట్టిగా కురిశాక ఉండే రోడ్డుకన్నా మొదటి పది నిమిషాల రోడ్డే ఎక్కువ జారుతుంది. తెల్లగీతలూ, ఇనప మూతలూ తడిస్తే సబ్బుబిళ్ళలే. నీళ్ళు నిలిచినచోట గుంత ఎంత లోతో పైనుంచి తెలియదు. ముందు పోయినవాడు మునగలేదు గదా అని వెళ్ళకూడదు, వాడి అదృష్టం వాడిది.

ఇక వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి గనక సంధి మాట చెప్పకుండా ఉండలేను. రెండు అచ్చులు ఒకేచోట కలుసుకుంటే సాధారణంగా వాటిలో ఒకటి లోపిస్తుంది. రోడ్డు మీద రెండు వాహనాలు ఒకేచోట కలుసుకున్నా అంతే. లోపించేది ఎప్పుడూ చిన్నదే. అక్కడ తప్పు ఎవరిది, దారి ఎవరి హక్కు అనే చర్చకు తావు లేదు. మనది రెండు చక్రాల బండి గనక హక్కు మనదైనా సరే, సందేహం వచ్చినచోట దారి ఇచ్చేది మనమే. మావాడు ఇది విని, "అయితే ఎప్పుడూ మనమే ఓడిపోవాలా?" అన్నాడు. "సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తినడం ఓటమి అయితే, రోజూ ఓడిపోదాం" అన్నాను.

మూడు నిమిషాల లెక్క

చదవడానికి తీరిక కావాలన్నాను గదా. ఆ తీరిక ఎక్కడనుంచి వస్తుంది? వేగం తగ్గిస్తే వస్తుంది, దూరం ఉంచుకుంటే వస్తుంది. మావాడు ఇంజనీరింగు చదువుతున్నాడు గనక కాగితం, కలం వాడి చేతికే ఇచ్చి లెక్క కట్టమన్నాను.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. 60 మీద అయితే దాదాపు 17 మీటర్లు. అపాయం కంటపడి, బుర్రకెక్కి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి మామూలు మనిషికి ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు ఇంకా పని మొదలుపెట్టకుండానే బండి అంత దూరం పోయింది. ఆ తరువాత బ్రేకు పట్టి ఆగే దూరం వేగంతోపాటు మామూలుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. నలభై నుంచి అరవైకి పెంచితే రెండింతలకు పైన.

మరి ఇంత సాహసానికి కలిసివచ్చేది ఎంత? మా ఇంటినుంచి కాలేజీకి ఆరు కిలోమీటర్లు గదా. ఎక్కడా ఆగకుండా నలభై మీద పోతే తొమ్మిది నిమిషాలు. అరవై మీద పోతే ఆరు నిమిషాలు. మిగిలేది మూడు నిమిషాలు! మధ్యలో సిగ్నళ్ళూ ఆటోలూ ఉన్నవి గనక ఆ మూడు కూడా మిగలవు. పేపరు వదలలేక నేను పోగొట్టుకున్నది పది నిమిషాలు. దాన్ని రోడ్డు మీద సంపాదిద్దామనుకున్నాను. ఆలస్యాన్ని ఇంట్లోనే సరిచేసుకోవాలి గాని రోడ్డు మీద కాదు.

దూరం కొలవడానికి ఒక తేలిక మార్గం ఉన్నది. ముందు పోయే వాహనం ఒక స్తంభాన్నో చెట్టునో దాటగానే, మనసులో "నిదానమే ప్రధానం" అని తొందరపడకుండా ఒకసారి అనుకోవాలి. అనడం పూర్తయ్యేలోగా మనం ఆ స్తంభం దగ్గరికి చేరుకున్నామంటే మరీ దగ్గరగా పోతున్నామన్నమాట. వాన పడుతూంటే రెండుసార్లు అనుకోవాలి. మీరు వదిలిన ఆ ఖాళీలో ఎవడో దూరుతాడు, నిజమే. దూరనివ్వండి. మళ్ళీ కొంచెం వెనక్కి తగ్గండి.

పిలిచినా పలకని నంబరు

ఇదంతా వింటూ మావాడు గడియారం చూశాడు. నాకు కోపం రాలేదు. ఆ వయసుకు అపాయం ఎప్పుడూ పక్కవాడిదే. అప్పుడు వాడికి ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటి చెప్పాను.

కొన్నేళ్ళ కిందట మా క్లాసులో చివరి సంవత్సరం చదివే ఒక కుర్రవాడు ఉండేవాడు. ప్రబంధాల్లో వర్ణనలంటే నిద్రపోయేవాడు గాని, చాటుకథలు చెపితే కళ్ళు మెరిసేవి. ఒక ఆదివారం రాత్రి స్నేహితుడి అక్కగారి పెళ్ళినుంచి తిరిగివస్తూ, దీపాలు లేకుండా రోడ్డు వార నిలిపిన ట్రాక్టరును కొట్టుకున్నాడు. హెల్మెట్టు బండికే తగిలించి ఉన్నది. దానికి గీత కూడా పడలేదు.

సోమవారం నేను క్లాసుకు వెళ్ళేసరికి నాకు ఈ వార్త తెలియదు. అలవాటు ప్రకారం హాజరు పిలుస్తూ పోయాను. అతని నంబరు పిలిచాను. జవాబు రాలేదు. రెండోసారి పిలిచాను. అరవై అయిదుమంది ఉన్న క్లాసు అంత నిశ్శబ్దంగా ఉండటం నా ఉద్యోగంలో ఎప్పుడూ ఎరగను. ముందు బల్లమీద పిల్ల తల వంచుకుని ఏడుస్తున్నది. అప్పుడు అర్థమైంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం లెక్క తేల్చింది. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీద పోతున్నవారే. మొత్తం మీద రోజుకు 460 మంది. అంటే నేను పాఠం చెప్పే గదివంటి గదులు ఏడు, రోజూ ఖాళీ అవుతున్నాయన్నమాట. అంకె చదివితే నాకేమీ అనిపించదు. ఆ ఒక్క నంబరు జ్ఞాపకం వస్తే మాత్రం చెయ్యి దానంతట అదే హెల్మెట్టు పట్టీ మీదికి పోతుంది.

మావాడు మళ్ళీ గడియారం చూడలేదు.

తలా, చేతులూ, బండీ

ఇక సాధన విషయాలు. హెల్మెట్టు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూడాలి. ఆ ముద్ర లేనివి అమ్మడం 2021 జూన్ నుంచి నిషిద్ధం. అయినా రోడ్డు వార టోపీల్లాంటివి దొరుకుతూనే ఉన్నాయి. గడ్డం దాకా కప్పేది మేలు. తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్టు కూడా తలతోపాటే తిరగాలి, లోపల తల విడిగా తిరగకూడదు. పట్టీ బిగించని హెల్మెట్టు పడేటప్పుడు మనకన్నా ముందే నేల చేరుతుంది. సరైన హెల్మెట్టు తలకు తగిలే గాయాలను నూటికి డెబ్బై పాళ్ళ దాకా, మరణాలను నలభై పాళ్ళ దాకా తగ్గిస్తుందని అనేక దేశాల పరిశోధనలు కలిపి చూసినవారు తేల్చారు. గట్టి దెబ్బ ఒకటి తిన్నదాన్ని మళ్ళీ వాడకూడదు. లోపలి మెత్త ఒకసారే నలుగుతుంది. మా శ్రీమతి బీరువా మీద పెట్టినది అందుకే అక్కడ ఉన్నది. వెనక కూర్చున్నవారికి కూడా తల ఉంటుందని మనవాళ్ళు మరిచిపోతారు. వారికీ హెల్మెట్టు కావాలి. చీరకొంగూ, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోవాలి.

బ్రేకు సంగతి. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది గనక ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకుదే. పడిపోతామని దాన్ని ముట్టుకోనివారు సగం బ్రేకుతో బతుకుతున్నట్టు. నాలాగా ఒక్క గుంజు గుంజినవారు జారిపడతారు. రెండు బ్రేకులూ కలిపి, నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, తరువాత గట్టిగా పట్టాలి. చక్రం బిగుసుకుపోకుండా చూసే ఎ.బి.ఎస్. ఏర్పాటు 125 సి.సి. పైబడిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్‌లో తప్పనిసరి అయింది. మా బండి అంతకు పాతది. అందుకని మావాణ్ణి ఒక ఆదివారం ఖాళీ మైదానానికి తీసుకుపోయి, ఇరవై మీద, ముప్పై మీద, నలభై మీద బండి ఆపించాను. నలభై సార్లు ఆపాడు. నడపడం అందరూ నేర్పుతారు, ఆపడం ఎవరూ నేర్పరు.

పొద్దున్నే బండి తీసే ముందు ఒక్క నిమిషం: టైర్లలో గాలి, బ్రేకులు, లైటు, అద్దాలు, పక్క స్టాండు. స్టాండు తియ్యకుండా బయలుదేరి ఎడమ మలుపులో పడినవారు ఎందరో. జేబులో ఫోను మోగితే మోగనివ్వాలి. అంత అవసరమైనవారు మళ్ళీ చేస్తారు.

వాడూ నేనూ గోదావరీ

ఇన్ని చెప్పేసరికి మావాడి ముఖం వాడిపోయింది. "బండి అంటే సరదా అనుకున్నాను నాన్నగారూ, మీరు చెపుతూంటే పరీక్షలా ఉంది" అన్నాడు. అది నిజమైన ఫిర్యాదే. భయపడుతూ నడిపేవాడు కూడా సరిగా నడపలేడు. అందుకని డిసెంబరులో ఒక ఆదివారం ఇద్దరం కలిసి షికారు పోవడానికి నిశ్చయించాం.

సరదా ప్రయాణానికి కూడా ముందు ఆలోచన కావాలి. పోగలమనుకున్న దూరంలో సగమే పెట్టుకోవాలి. రాజమండ్రినుంచి ధవళేశ్వరం, బొబ్బర్లంక, ఆత్రేయపురం మీదుగా రావులపాలెం పోయి, జాతీయ రహదారి మీద తిరిగిరావడం. మొత్తం ఎనభై కిలోమీటర్ల లోపే. శనివారం వద్దన్నాను, ఆరోజు వాడపల్లి వెంకన్న దర్శనానికి పోయే జనంతో దారంతా కిటకిటలాడుతుంది. తెల్లవారుజామున వద్దన్నాను, ఆ నెలలో లంకల్లో పొగమంచు విడిచేసరికి ఏడు దాటుతుంది. గంటకొకసారి ఆగాలి. చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఎక్కడ ఆగితే అక్కడనుంచి ఇంటికి ఫోను చెయ్యాలి. ఈ చివరి షరతు మా శ్రీమతిది. కడియపులంక తోటల్లోంచి మల్లెమొక్క తెమ్మన్నది గాని, హాండిలుకు బరువు తగిలించకూడదని చెప్పి, మరోసారి బస్సులో తెస్తానని మాట ఇచ్చాను.

పోయేటప్పుడు వాడు నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. ఇరవై ఏళ్ళలో నా బండి మీద నేను వెనక కూర్చోవడం అదే మొదటిసారి. ధవళేశ్వరం దగ్గర ఆగి, కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించిన చోట గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలడం చూశాం. ఇప్పుడున్నది ఆ తరువాత కట్టిన బ్యారేజీ. దాని మీద పోతూంటే పక్కగాలి బండిని తోస్తుంది. "గట్టిగా పట్టుకోకు, భుజాలు వదులు చెయ్యి, వేగం తగ్గించు" అన్నాను. తగ్గించాడు. తగ్గించగానే నీళ్ళమీద కొంగలు కనపడ్డాయి వాడికి.

బొబ్బర్లంక దగ్గర తిరిగి కాలువగట్టు పట్టాం. ఒకవైపు నిండుగా పారే కాలువ, మరోవైపు పల్లంలో పొలాలు, కొబ్బరిచెట్లు, అరటితోటలు. గట్టుకు పిట్టగోడ లేదు. ఒక మలుపు ముందు రోడ్డు మీద వరసగా రాళ్ళు పేర్చి ఉన్నాయి. కోతల రోజులు గదా, మలుపు అవతల సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటారని ఆ రాళ్ళ అర్థం. నేను చెపుదామని నోరు తెరిచేలోగా, మావాడు అప్పటికే బ్రేకు పట్టడం మొదలుపెట్టాడు. మలుపు తిరిగేసరికి నిజంగానే సగం రోడ్డు ధాన్యం, మిగిలిన సగంలో ఎదురుగా గడ్డి ట్రాక్టరు. మా బండి ధాన్యానికి ఇవతల నిమ్మళంగా ఆగి ఉన్నది. వేగంగా వచ్చి ఉంటే ధాన్యం మీద జారి ట్రాక్టరు కిందికో, కాలువలోకో పోవలసిందే.

గొడుగు కింద కాపలా కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు. "ఆగారండి. ఆయ్, ఆగేవోళ్ళు కనపడ్డవే కష్టవైపోయిందండి ఈ రోజుల్లో. మొన్న ఒకబ్బాయి ఈ గింజల మీదే జారాడండి" అన్నాడు. రోడ్డు మీద ధాన్యం పొయ్యడం తప్పు గదా అన్నాను. "తప్పేనండి. మాకు కళ్ళాలెక్కడున్నాయండి మరి?" అన్నాడు. ఆ ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు లేదు.

ఆత్రేయపురంలో బోర్లించిన కుండమీద పిండినీళ్ళలో ముంచిన గుడ్డ ఒక్క లాగు లాగి, కాగితంకన్నా పలచని రేకు తీయడం పది నిమిషాలు నిలబడి చూశాం. 2023లో ఆ ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆవిడ చెయ్యి తొందరపడితే రేకు చిరుగుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. ఒక పెట్టె కొని సంచిలో భద్రంగా పెట్టుకున్నాం. లొల్ల లాకుల దగ్గర చెట్టునీడలో కూర్చుని, ఇంటికి ఫోను చేసి, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మావాడు చదువు గురించి, స్నేహితుల గురించి, తనకేమంటే భయమో దాని గురించి కూడా చెప్పాడు. ఇంట్లో ఒకే కప్పు కింద ఉండి ఏడాదిలో మాట్లాడనన్ని మాటలు ఆ గంటలో మాట్లాడుకున్నాం.

రావులపాలెం నుంచి రహదారి మీద నేను నడిపాను. వాడి పని వెనకనుంచి అద్దాలు చూసి చెప్పడం. జొన్నాడ వంతెన దాటాక రోడ్డు విశాలంగా, చదునుగా ఉన్నది. ఆకలి వేస్తున్నది. ఎప్పుడు పెంచానో నాకే తెలియదు. భుజం మీద చెయ్యి పడింది.

"నాన్నగారూ, డెబ్బై రెండు."

సిగ్గుపడి తగ్గించాను. అప్పటికి గాని రోడ్డు పక్క నర్సరీల్లో బంతిపూలు నాకు కనపడలేదు. మంచి ప్రయాణానికీ క్షేమమైన ప్రయాణానికీ దారి ఒకటేనని ఆ క్షణాన తోచింది. చూడటానికి తీరిక ఉంటే పూలూ కనపడతాయి, గోతులూ కనపడతాయి. తీరిక లేనివాడికి రెండూ కనపడవు.

మర్నాడు సోమవారం. కొత్త హెల్మెట్టుతోపాటు తాళంచెవి వాడి చేతిలో పెట్టాను. ఒక్క నిమిషం బండి చుట్టూ తిరిగి చూసుకుని, పట్టీ బిగించి, స్టాండు తీసి వెళ్ళాడు. నేను వరండాలో నిలబడి, వీధి మలుపు దాకా బండి చప్పుడు విన్నాను. మలుపు దాటాక కూడా వింటూనే ఉన్నాను. లోపలికి రాబోతూంటే, గడపలో మా శ్రీమతి నిలబడి ఉన్నది.

"ఇరవై ఏళ్ళుగా మీరు వెళ్ళాక నేను రోజూ ఇలాగే వింటున్నానండీ" అన్నది.

సాయంత్రం అయిదూ పదికి వీధి మలుపులో ఆ చప్పుడు మళ్ళీ వినపడేదాకా ఆరోజు పేపరులో ఒక్క అక్షరం నాకెక్కలేదు.